పెద్దల గృహములు, మన గృహములు

(చదువవలసిన భాగములు: యెహోషువ 4:1–7, మత్తయి 23:29–31)

దేశమునకు మేలు చేసిన పెద్దలు నివసించిన యిండ్లను కాపాడుట మంచిదేనా? గోడలకును కుర్చీలకును గౌరవమిచ్చుట విగ్రహారాధనకు దారితీయదా? మన గ్రామ సంఘములలో కొందరు ఇట్లు అడుగుట కలదు. అది అడుగదగిన ప్రశ్నయే.

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన దినమున నది నడుమనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి నిలిపిరి. మ్రొక్కుటకై వాటిని నిలుపలేదు. ఇవి ఏమిటని పిల్లలు అడిగినప్పుడు తండ్రులు జరిగిన సంగతి చెప్పుటకై నిలిపిరి. కాబట్టి జ్ఞాపకచిహ్నము తప్పు కాదు. అయితే దాని సంగతి చెప్పువాడు ఒకడు ఉండవలెను.

విజయనగరములో గురజాడ అప్పారావుగారు (1862–1915) నివసించిన గృహము స్మారకముగా నిలిచియున్నది. శ్రీకాకుళమునుండి రైలుమీద పోయి ఒక్క దినములో చూచి రావచ్చును. అక్కడ మన పిల్లలకు ఏమి చెప్పుదుము? గొప్ప కవియని మాత్రమే చెప్పిన చాలదు. డబ్బు పుచ్చుకొని పసిపిల్లలను ముసలివారికి కట్టబెట్టు ఆచారమును ఖండించుచు ఆయన 'కన్యాశుల్కము' నాటకము వ్రాసెను. అది 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడెను. మహారాజు ఆనంద గజపతివారు అప్పటి విశాఖపట్టణము జిల్లాలో బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన అట్టి వివాహములను లెక్కింపగా 1034 తేలినవని అప్పారావుగారే తమ పీఠికలో తెలిపిరి. వారిలో ముగ్గురు ఏడాది బిడ్డలు. అట్టి పసికందు వెల 350 మొదలు 400 రూపాయలు!

ఇది వినగానే, ఆ కాలమున మేముండినచో అట్టి పాపములో పాలుపొందక పోదుమని అనుకొందుము. ప్రవక్తల సమాధులను అలంకరించినవారును అట్లే అనుకొనిరి; ప్రభువు వారిని గద్దించెను. గతించినవారి తప్పు మనకు స్పష్టముగా కనబడును. నేటి తప్పు మన యింటిలోనే కూర్చుండి ఆచారమను పేరు పెట్టుకొనును.

నాడు పిల్లకు వెల కట్టిరి; నేడు పిల్లవానికి కట్టుచున్నారు. కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమని 1961లోనే చట్టము వచ్చినది. అయినను నగదు ఎంత, బంగారము ఎన్ని తులములు, మోటారుసైకిలు ఏది అను బేరము ముగిసిన తరువాతనే అనేక పెండ్లిండ్లకు ముహూర్తము కుదురుచున్నది. గుడిలో ప్రమాణము చేయువారు కొందరు ఈ బేరము దాటియే అక్కడికి వచ్చుచున్నారు.

“ఇయ్యనిచో నా పిల్లను ఎవరు చేసికొందురు?” అని అరెకరము అమ్ముకొన్న తండ్రి అడుగును. అతని కన్నీటిని మనము తేలికగా తీసికొనరాదు. అందుచేతనే ఈ భారము మొదట పిల్లవాని తలిదండ్రులపై నున్నది. అడుగుట ఎవరి చేతిలో నున్నదో, మానుట కూడ వారి చేతిలోనే యున్నది.

గాంధీగారు సబర్మతి ఆశ్రమములోని తమ యిల్లు విడిచి 1930 మార్చి 12న దండికి బయలుదేరిరి; స్వరాజ్యము రానిదే తిరిగి రానని పలికి, మరల అక్కడ కాపురముండలేదు. నేడు జనులు ఆ యింటిని చూడబోవుదురు. ఆయన విడిచిపోయిన యిల్లు గనుకనే దానికి ఆ గౌరవము కలిగెను.

కాబట్టి పిల్లలను విజయనగరము తీసికొనిపొండి. అప్పారావుగారి గృహమందు నిలిచి ఆ 1034 లెక్క వారికి చెప్పుడి. “మరి అన్నయ్య పెండ్లికి మనమేమి అడుగుచున్నాము?” అని ఏ బిడ్డయైనను ప్రశ్నించినచో, సిగ్గుపడక జవాబు చెప్పగల కృపను ప్రభువు ప్రతి తండ్రికిని తల్లికిని దయచేయును గాక.