ఊపిరి ఎవరిది?

పుట్టుగ్రుడ్డివానిని చూచినప్పుడు శిష్యులు అడిగిన మొదటి ప్రశ్న, ఇది ఎవరి పాపఫలమని. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో ప్రభువు ఆ ఆలోచనను త్రోసివేసెను. అయినను మన పల్లెలలో ఆ ప్రశ్న నేటికిని వినబడుచునే యున్నది.

మోర్కియో వ్యాధి బహు అరుదైనది. 1929లో ఉరుగ్వే దేశమున మోర్కియో అను వైద్యుడును, ఇంగ్లండులో బ్రెయిల్స్‌ఫర్డ్ అను వైద్యుడును దీనిని వేర్వేరుగా వర్ణించిరి. శరీరములో ఒక ఎంజైము లోపించుటచేత, కరిగిపోవలసిన పదార్థము ఎముకలలోను మృదులాస్థిలోను పేరుకొనును. తలిదండ్రులిద్దరును ఆరోగ్యముగా నుండియే ఈ లోపమును మోయుచున్నయెడల, పుట్టు ప్రతి బిడ్డకును అది వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. మేనరికములలో ఇట్టి కలయిక హెచ్చు. ఇది తెలిసికొని జాగ్రత్తపడవలసిన సంగతియే గాని, ఇందులో పాపమెక్కడ?

ఈ రోగులు పెద్దవారైన పిమ్మట గొప్ప అపాయము శ్వాసనాళమువలన కలుగును. మెడయు రొమ్మును పొట్టిగా నిలిచిపోగా, నాళము మాత్రము పెరిగి, చోటు చాలక వంకరలు తిరిగి ఇరుకగును. కొందరు తల వెనుకకు వాల్చినగాని సుఖముగా ఊపిరి తీయలేరు. 2014లో అమెరికాలోను ఐరోపాలోను అనుమతింపబడిన ఎంజైము మందు కొంత మేలు చేయును గాని, వంకరపోయిన నాళమును సరిచేయజాలదు. శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చుటయే ఒక గండము. గొంతులో గొట్టము దించుట కష్టము. మెడ ఎముకలు బలహీనములు గనుక తల వంచుటయు అపాయమే. శస్త్రము చేసిన ప్రాణభయము. చేయకున్న ఊపిరి నానాటికి తగ్గును.

అప్పుడు నిర్ణయింపవలసినవారెవరు? కొందరి ఎత్తు చిన్నబిడ్డ యంతే. బుద్ధి మాత్రము మనవంటిదే, ఈ వ్యాధి దానిని తాకదు. అయినను వైద్యుడు తండ్రితో మాటలాడును, తండ్రి పెద్దలతో ఆలోచించును, రోగి వినుచు కూర్చుండును. ప్రేమచేతనే అట్లు చేయుదురు. సొమ్ము పెట్టువారును, రాత్రులు మేలుకొని కాచువారును వారే. వారి మాటకు విలువ లేదనము. కాని ప్రేమ పేరిట పెద్దవాని నోరు మూయుట న్యాయమా?

ఆ అధ్యాయములోనే గ్రుడ్డివాని తలిదండ్రులు, తమ కుమారునికి ఈడు వచ్చినదనియు, సంగతి అతనినే అడుగవలెననియు చెప్పిరి. భయముచేత చెప్పినను మాట సరియైనదే. దానినే మనము ప్రేమచేత చెప్పుదము. అపాయములన్నియు దాచక తెలుపుదము. శస్త్రము కోరినను, వలదనినను, ప్రక్కనే నిలుచుదము. తీరిక యున్నప్పుడే అడుగుదము. ఆయాసము ముదిరిన రాత్రి అడుగుటకు మనకు సమయముండదు, చెప్పుటకు అతనికి ఊపిరి యుండదు.