ఎనిమిది తులాలు

ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన రెండేళ్ళూ యూనిట్లు మార్చడం నాకు నిద్రలో కూడా చేతనైన పని. అంగుళాలను 2.54తో గుణిస్తే సెంటీమీటర్లు. పేరు మారుతుంది, అంకె మారుతుంది, బల్ల పొడవు మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఇందులో ధర్మసందేహానికి చోటు లేదనే అనుకున్నాను, అమ్మమ్మ నగలు తూకం వేయించేదాకా.

అమ్మమ్మ పోయాక ఆమె బంగారం కూతుళ్ళు పంచుకోవాలి కదా. తార్నాకలో ఒక షాపుకి తీసుకెళ్తే 93 గ్రాములు తూగింది. "తొమ్మిది తులాల మూడు గ్రాములు" అన్నాడు షాపతను. ఆ మాట సాయంత్రానికల్లా రెండు వీధుల అవతలున్న చిన్నమ్మమ్మకు చేరింది. నన్ను పిలిపించింది.

"మా నాయిన అక్కకు తొమ్మిది పెట్టిండా బిడ్డా? ఇద్దరికీ ఎనిమిదెనిమిది అన్నడు గదా."

తార్నాక చౌరస్తా బస్టాపులో నిలబడి ఫోన్లో లెక్కేశాను. ముత్తాత అబద్ధం ఆడలేదు. అమ్మమ్మ పెళ్ళి 1955లో. అప్పటి తులం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. ఎనిమిది తులాలంటే 93 గ్రాముల పైచిలుకే. మరుసటేడు, 1956లో, మెట్రిక్ తూనికల చట్టం వచ్చింది. గ్రాములొచ్చాయి గానీ తులం అన్న మాట పోలేదు. బజారు దాన్ని పది గ్రాములకు సర్దేసుకుంది. చిన్నమ్మమ్మ పెళ్ళి 1970లో. ఆమె ఎనిమిది తులాలు 80 గ్రాములు. క్లాసులో నేర్చుకున్నదానికి ఇది పూర్తిగా తిరగబడ్డ లెక్క: పేరు అలాగే ఉంది, వస్తువే 13 గ్రాములు తగ్గింది.

ఒకే పేరుతో రెండు కొలతలు హైదరాబాదుకు కొత్త కాదు. నిజాం రూపాయీ రూపాయే, బ్రిటిష్ రూపాయీ రూపాయే, కానీ ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. (తమాషా ఏమిటంటే ఏడుని ఆరుతో భాగిస్తే 1.1667, పాత తులాన్ని కొత్త తులంతో భాగిస్తే 1.1664. కాకతాళీయమే, కానీ చూసి కాసేపు నవ్వుకున్నాను.) అయితే అక్కడ హాలీనా కల్దారా అని అడగడానికి రెండు మాటలున్నాయి. 1957లో రూపాయికి వంద పైసలు చేసినప్పుడు కూడా ప్రభుత్వం ముందు "నయా" అని తగిలించింది, 1964 దాకా ఉంచింది. తులానికి మాత్రం ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. కొత్త తులం అని ఎవరూ అనలేదు.

మరి ముత్తాత ఇద్దరినీ సమానంగా చూసినట్టేనా? తులాల్లో సమానం. గ్రాముల్లో చిన్నమ్మమ్మకు తక్కువ. రూపాయల్లో ఆమెకే ఎక్కువ, ఎందుకంటే ఆ పదిహేనేళ్ళలో బంగారం ధర బాగా పెరిగింది. అప్పు చేసి కొన్నాడని కూడా విన్నాను. ఇక్కడితో వదిలేయొచ్చు. కానీ చిన్నమ్మమ్మ ఇంకో సంగతి చెప్పింది. అక్క పెళ్ళినాడు, తనకి ఆరేళ్ళప్పుడు, పళ్ళెంలో పోసిన నగలు చూసి ఏడిస్తే నాయిన ఒళ్ళో కూచోబెట్టుకుని "నీకూ గింతే పెడ్త" అన్నాడట. ఎనిమిది తులాలు అనలేదు, గింతే అన్నాడు. పళ్ళెంలో ఉన్నది 93 గ్రాములు. ఆ మాట ప్రకారమైతే ఆయన 13 గ్రాములు బాకీ అనే నేననుకుంటాను, అప్పు చేసినా సరే.

ఆమెతో మాత్రం ఇంతే చెప్పాను: "అమ్మమ్మకీ ఎనిమిదే పెట్టాడు. అప్పటి తులం పెద్దది."

"అట్లనా." చేతి గాజుల్ని కాసేపు తిప్పుకుంటూ కూర్చుంది. "అయితే నాయిన మాట తప్పలే."

తల ఊపాను. తనవి ఎన్ని గ్రాములుంటాయో ఆమె అడగలేదు.