ఆ పక్కన నిలబడింది ఎవరు?

జెడ్డాలోని షరఫియాలో శుక్రవారం పొద్దున్న ఇంటికి ఫోను చేసుకునే వేళ. కేరళవాళ్ల అంగళ్లకు పేరుపడ్డ ఈ పేటలో మన కుర్రాళ్లూ గదులు పంచుకుని బతుకుతారు. అలాంటి ఒకరి వాట్సాప్‌కు ఊరి నుంచి ఓ పాత ఫోటో వచ్చిందనుకుందాం. ఇంటికి సున్నం వేయిస్తుంటే ట్రంకు పెట్టె అడుగున దొరికింది. తోట బొమ్మ గీసిన తెర ముందు యూనిఫాంలో ముత్తాత. ఆయన భుజం మీద చెయ్యి వేసి ఇంకో జవాను. వెనక పేరు లేదు, సంవత్సరం లేదు. గల్ఫ్ చేరిన మునిమనవడికి మొదట తట్టే మాట ఒకటే: ఈయనా సముద్రం దాటినవాడే.

దాటడమే కాదు, జెడ్డా ముందున్న ఈ ఎర్రసముద్రపు నీళ్ల మీదుగానే వెళ్లి ఉండవచ్చు. 1916 జూన్‌లో మక్కా షరీఫ్ హుస్సేన్ ఒట్టొమన్ల మీద తిరగబడినప్పుడు జెడ్డాలోని ఒట్టొమన్ దండు మీద గుళ్లు కురిపించిన ఓడల్లో రాయల్ ఇండియన్ మెరైన్ వారి హార్డింజ్ ఒకటి. ఆ నెల 16న ఊరు లొంగిపోయింది. 1940లో భారత సైన్యపు ఐదో డివిజన్ చేరిన సూడాన్ ఎర్రసముద్రానికి అవతలి ఒడ్డు. మొదటి ప్రపంచ యుద్ధంలో 13 లక్షల మందికి పైగా, రెండోదానిలో దాదాపు 25 లక్షల మంది భారతీయులు పనిచేశారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం నుంచే మొదటి యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్లారని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. మిలిటరీ మాధవరం అనే పేరు అలా వచ్చిందే.

ఫోటో దొరికిన సంబరం తగ్గగానే ఒక ప్రశ్న మొదలవుతుంది. పరాయి ప్రభువు జీతానికి, తనకు ఏ పగా లేని మనుషుల మీద తుపాకి ఎత్తినవాణ్ణి ఇంట్లో ఏ గోడకు తగిలించాలి? దండ వేస్తే యుద్ధానికి వేసినట్టా? వెయ్యకపోతే పితృరుణం ఎగ్గొట్టినట్టా?

హైదరాబాద్ ఇళ్లలో ఈ ప్రశ్న మరింత కోస్తుంది. 1914 నవంబరులో ఒట్టొమన్ సుల్తాన్ ఖలీఫా హోదాలో జిహాద్‌కు పిలుపునిచ్చాడు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మాత్రం బ్రిటిష్ పక్షాన నిలవమని ముస్లింలను కోరాడు. హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ రౌతులతో ఒకే బ్రిగేడ్‌లో చేరి సూయెజ్, పాలస్తీనా రంగాలకు వెళ్లారు. 1918 సెప్టెంబరు 23న హైఫాను గెలిచింది ఆ బ్రిగేడే. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గరి మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవి. ఐదు పూటలా నమాజు చేసే రౌతు, ఖలీఫా సైన్యానికి ఎదురుగా గుర్రం ఎక్కేటప్పుడు మనసులో ఏమనుకున్నాడో కంచు విగ్రహం చెప్పలేదు. పదమూడేళ్లు తిరిగేసరికి, 1931లో, ఆఖరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్ నిజాం పెద్ద కోడలైంది. ఏలినవాళ్ల మధ్య లెక్క పెళ్లితో చెల్లిపోయింది. రౌతుల ఇళ్లలో ఆ లెక్క ఎవరు చెల్లించారు?

షరఫియా నుంచి మక్కా 70, 80 కిలోమీటర్లు. ఉమ్రాకు వెళ్లే హైదరాబాదీ మునిమనవడు ముత్తాత కోసం దువా చేస్తాడు. మనిషి పోయాక కూడా ఆగనివి మూడని హదీసు చెబుతుంది: సాగే దానం, పనికొచ్చే జ్ఞానం, తన కోసం ప్రార్థించే మంచి సంతానం. గోడకు మనిషి బొమ్మ తగిలించడానికి ఒప్పుకోని ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్లలో కూడా ఫోటోను జ్ఞానం కింద పెట్టెలో దాచుకోవచ్చునని ఈ వ్యాసకర్త నమ్మకం.

పోరులో పోయినవాళ్లను కొలవడం తెలుగు నేలకు కొత్త కాదు. ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులున్నాయి. కార్తీక మాసంలో కారంపూడిలో నాగులేటి ఒడ్డున పల్నాటి వీరారాధన ఐదు రోజులు సాగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. వీరాచారం పాటించే కుటుంబాలవాళ్లు తరతరాలుగా కాపాడుకున్న వీరుల ఆయుధాలు మోసుకొస్తారు. ఇంటి సైనిక చరిత్రను ఇంటివాళ్లే దాచుకోవడానికి ఇంతకన్నా పాత ఉదాహరణ వెతకనక్కర్లేదు.

అయితే వీరగల్లు తీర్పు చెప్పేసిన రాయి. కింది అరలో పోరు, పై అరలో అప్సరసలు వీరుణ్ణి స్వర్గానికి తీసుకుపోవడం; ఇక సందేహానికి చోటు లేదు. ఫోటోలో ఉన్నది ఇంకా ఏమీ జరగని కుర్రాడు. బిగుసుకుపోయిన మెడ, ఎటు పెట్టాలో తెలియని చేతులు. వెళ్లాక చంపాడో, చావు తప్పించుకున్నాడో, నెల జీతం కోసమే చేరాడో అందులో కనపడదు. దాన్ని తొందరపడి వీరగల్లుగా మార్చడం ఆయనకు చేసే అన్యాయం. ఆయన చెప్పని శౌర్యాన్ని మనం కల్పిస్తే, ఆయన నోరు విప్పని బాధను చెరిపేసినట్టే. పితృరుణం అంటే పొగడ్త బాకీ కాదు.

మహాభారతంలో యుద్ధం ముగిశాక వచ్చే స్త్రీపర్వం ఇక్కడ అక్కరకొస్తుంది. దిక్కులేక పడి ఉన్నవారికీ దహనసంస్కారాలు చేయించమని ధర్మరాజు విదురుణ్ణి, సంజయుణ్ణి పురమాయిస్తాడు. గంగ ఒడ్డున తర్పణాల వేళ కుంతి నోరు తెరుస్తుంది: కర్ణుడు మీ అన్న, అతనికీ నీళ్లు వదలండి. శత్రువనుకున్నవాడు చుట్టమని నీళ్లు వదిలేచోట బయటపడింది. ఇంకా ముందుకు వెళితే, ఆశ్రమవాసపర్వంలో వ్యాసుడు ఆ చనిపోయినవాళ్లందరినీ ఒక్క రాత్రికి గంగలోంచి పైకి రప్పిస్తాడు. రెండు వైపులవాళ్లూ పగ లేకుండా కలుసుకుంటారు. తెల్లవారేలోగా వెళ్లిపోతారు. మన తర్పణంలోనూ తల్లీ తండ్రీ బంధువూ ఎవరూ లేనివారికి నీళ్లు వదిలే మంత్రం ఉంది. వంశంలో సంతానం లేకుండా పోయినవారికి ఆఖరున బట్ట కొస పిండి నీళ్లు వదులుతారు.

మరి ఫోటోలో ముత్తాత భుజం మీద చెయ్యి వేసిన ఆ రెండోవాడి సంగతి?

బస్రాలోని మొదటి యుద్ధపు స్మారకం 40,000 మందికి పైగా సైనికులది. అందులో భారతీయ అధికారుల పేర్లు చెక్కారు, మామూలు సిపాయిలను అంకెలతో సరిపెట్టారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వేసుకున్న సంఘమే 2021లో ఒప్పుకుంది: మొదటి యుద్ధంలో పోయిన ఆఫ్రికా, ఆసియా దేశాలవాళ్లు కనీసం 1,16,000 మంది పేరుతో స్మరణకు నోచుకోలేదు, కొందరికి ఏ గుర్తూ లేదు. స్మరించుకోవడమూ ప్రమాదమే కావచ్చని జెడ్డాకు తెలుసు. 2020 నవంబరు 11న ఇక్కడి ముస్లిమేతరుల శ్మశానంలో యుద్ధమృతుల సంస్మరణ జరుగుతుండగా బాంబు పేలింది. ఆ రెండోవాడు బతికి ఇంటికి చేరాడో, అంకెల్లో కలిసిపోయాడో. అతని ఇంట్లో ఏ ఫోటో లేకపోతే అతని ముఖం మిగిలింది మన పెట్టెలోనే.

కాబట్టి చేయవలసిన పనులు చిన్నవే అయినా ఆలస్యం చేయరాదు. ఫోటోను లామినేషన్ చేయించకూడదు, జిగురు పేజీల ఆల్బంలో అతికించకూడదు. ముందు, వెనక రెండు వైపులా స్కాన్ తీయాలి. వెనక రాయవలసి వస్తే మెత్తని పెన్సిల్‌తో, తేలిగ్గా. పతకం ఉంటే చింతపండుతో తోమకుండా దాని అంచు చూడాలి; మొదటి యుద్ధపు పతకాల అంచున నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. తెలిసింది ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కూడా రాయాలి. ఊహను ఊహ అని రాయాలి.

షరఫియాలో పొద్దున్న తొమ్మిదైతే గోదావరి జిల్లాల్లో పదకొండున్నర. నాయనమ్మ వంట ముగించుకుని మంచం మీద నడుం వాల్చే వేళ. ముత్తాత కథలు ఇంట్లో ఎవరో ఒకరు చెబుతారు. ఆవిడకు ఫోటో చూపించి ముందు అడగవలసింది పక్కనున్నవాడి పేరు, ఊరు. ఆవిడకు తప్ప ఇంకెవరికీ గుర్తుండే అవకాశం లేదు.