బండిలోని చోటు, ఎడ్ల మెడమీది బరువు

అపరిగ్రహము గృహస్థునకు సాధ్యమగునా యను ప్రశ్నను మనము సాధారణముగ ఇంటిని దృష్టియందుంచుకొని విచారింతుము. ఇల్లు కదలదు; కావున అందు చేరిన వస్తువుల బరువెంతయో ఇంటివాని కెన్నడును అనుభవమునకు రాదు. గది నిండినచో అటక, అటక నిండినచో కొట్టు, కొట్టు నిండినచో మఱియొక గది. కదలెడి యింటిని ముందుంచుకొని విచారించినప్పుడే యీ ప్రశ్న సూటిగ నిలుచునని నా తలంపు. ఓరుగల్లు సీమలో అట్టి యిల్లు ఏదియన, మేడారము జాతరకు కట్టెడి బండియే.

రెండేండ్ల కొకమాఱు మాఘశుద్ధ పూర్ణిమ వేళకు, బుధవారము కన్నెపల్లినుండి సారలమ్మయు, గురువారము చిలుకలగుట్టనుండి సమ్మక్కయు గద్దెల కరుదెంచి, శనివారము వనప్రవేశము చేయువఱకు, తాడ్వాయి అడవులలోని యా చిన్నపల్లె మహానగరమై వెలయును. 1996లో ప్రభుత్వము దీనిని రాష్ట్రపండుగగ ప్రకటించినది. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో నుండిన మేడారము 2019 నుండి ములుగు జిల్లాలోనిది. హనుమకొండనుండి సుమారు నూఱు కిలోమీటర్ల దూరము. బస్సువారికి కొన్ని గంటల పనియే కాని, ఎడ్లబండిపై పోవువారికి దినముల ప్రయాణము. ములుగు దగ్గఱ గట్టమ్మతల్లికి మ్రొక్కి, పస్రా దాటి, రాత్రులు చెట్లక్రింద గడపుచు సాగుదురు. అన్నిదినములును ఆ కుటుంబమునకు వంటయిల్లు, పడకటిల్లు, గాదె సర్వమును ఆ బండియే.

దానిలో సామాను సర్దిన తీరు చూడదగినది. అడుగున మందముగ పఱచినది వరిగడ్డి. అది పగలు ఆసనము, రాత్రి పరుపు. దారి పొడుగునను దానినే పిడికిళ్ళతో తీసి ఎడ్లముందు వేయుదురు గనుక, మనుష్యుల పరుపు దినదినమును పలుచనగుచు పశువుల యాకలి తీర్చును. గడ్డిమీద గొంగడి, పెద్దగిన్నెలో చిన్నగిన్నె, చిన్నగిన్నెలో ఉప్పు, కారము, చింతపండు మూటలు. ఇరుసునకు పెట్టు కందెన బండిక్రింద వ్రేలాడును. మ్రొక్కుబడి కోడి, కాలికి త్రాడుతో, వెనుక తడకను ఆనుకొనియుండును. గూటి బద్దలకు కట్టిన చీర బిడ్డకు ఉయ్యాల. బిడ్డ దిగినంతనే అది బట్టలమూట నుంచుకొనుటకు పనికివచ్చును. ఒక్కపనికి మాత్రమే పనికివచ్చు వస్తువునకు ఆ బండిలో ప్రవేశము దొరకుట కష్టము.

సర్దుట ముగిసినపిమ్మట బండివాడు ఒక పని చేయును. ఎడ్లను కట్టకమునుపే కాడిని రెండుచేతుల నెత్తి, బరువు ముందునకు మ్రొగ్గుచున్నదా వెనుకకు మ్రొగ్గుచున్నదా యని చూచుకొనును. రెండుచక్రముల బండిలో ముందు బరువెక్కువైనచో కాడి ఎడ్ల మెడల నణచును. వెనుక బరువెక్కువైనచో కాడి పైకి లేచి, మెడక్రింది పట్టెడ గొంతునొక్కును. మూటలను అటునిటు మార్చి మొగ్గును సరిచేయవచ్చును గాని, మొత్తపు బరువును సర్దుబాటుతో తగ్గింప నెవ్వరి తరమును కాదు. ఇంకను జాగ యున్నది గదా యని ఇల్లాలు మఱియొక మూట తెచ్చినప్పుడు, బండివాడు “జాగ సంగతి కాదు వదినె, ఎడ్ల సంగతి చూడు” అనును. ఈ మాటలో ఒక దర్శనమున్నదని నేను నమ్ముచున్నాను.

యోగసూత్రములకు భాష్యము రచించిన వ్యాసుడు, విషయముల నార్జించుటయందును, రక్షించుటయందును, అవి క్షయించుటయందును, వానియందలి సంగమునందును, హింసయందును గల దోషమును చూచి, వానిని స్వీకరింపకుండుటయే అపరిగ్రహమని నిర్వచించెను. మొదటి నాలుగును మనకు తేలికగ బోధపడును. అవి మన మనస్సునకు మనమే పెట్టుకొను బాధలు. ఐదవదానియొద్ద మాత్రము చదువరి ఆగవలసియున్నది. నా మూటలోని వస్తువు ఎవరిని హింసించును? ఇంటిలో కూర్చున్నవానికి దీనికి సమాధానము దొరకదు. కాడి నెత్తి చూచినవానికి అది చేతికే తగులును. నేను మిగిల్చి దాచుకొన్నది ఏదో యొక మెడపై నున్నది, ఆ మెడ నాది కాదు. భాగవత సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మము చెప్పుచు, కడుపు నిండుటకు వలసినంత మాత్రమే దేహికి సొంతమనియు, అంతకు మించినదానిని తనదనుకొనువాడు చోరుడనియు పలికిన పలుకు, ఇంటిలో చదివినప్పుడు నాకు అతికఠినముగ తోచెడిది. ఎద్దు మెడను తలచుకొన్నప్పుడు ఆ కాఠిన్యము న్యాయముగ కనబడుచున్నది. దొంగిలింపబడినది ధనము కాదు, ఇంకొక ప్రాణి యోపిక.

సన్న్యాసుల మార్గము వేఱు. ఓరుగల్లు సీమకు జైనుల మార్గమును క్రొత్త కాదు. హనుమకొండ పద్మాక్షిగుట్టమీద జైనబసదిని పేర్కొను 1117 నాటి శాసనమును, రాతిలో మలచిన తీర్థంకరమూర్తులును కలవు. దిగంబరముని నెమలిపింఛపు కుంచె, కమండలువు, శాస్త్రగ్రంథము తప్ప మఱేమియు వహింపడు. ఆ కుంచెయైనను కూర్చుండుచోట ప్రాణులకు హాని కలుగకుండుటకే. గృహస్థునకు జైనులు విధించినది పరిగ్రహపరిమాణవ్రతము, అనగా తనకెంత చాలునో తానే హద్దు పెట్టుకొనుట. మిక్కిలి ఉదారమైన ధర్మమే. కాని హద్దు పెట్టువాడును అనుభవించువాడును ఒక్కడే యైనప్పుడు, హద్దు ఏటేటను కొంచెము జరుగుట మనుష్యస్వభావము. బండిలో ఆ హద్దును మోయువారు పెట్టుదురు. అందుచేతనే ఈ విషయమున బండివాని ధర్మము నాకు మఱింత దృఢముగ కనబడును.

దీని కొక యాక్షేపము కలదు. సమ్మక్కతల్లికి గుడి లేదు, విగ్రహము లేదు. ఆమె కుంకుమభరిణె రూపమున గద్దెకు వచ్చును. అంత తేలికగ వచ్చు తల్లికి భక్తులు తమ దేహపు తూకమునకు సరిపడు బెల్లమును బంగారమని సమర్పింతురు. దారిలో బండియెత్తిన బరువులలో అదియే పెద్దది కావచ్చును; అదియు ఎద్దు మోసినదే గదా? నిజమే. బెల్లము మేడారములోనే దొరకును గనుక, అక్కడనే కొని సమర్పించుట మేలని నా నిశ్చితాభిప్రాయము. భక్తి పేరిట మోసినను మెడకు నొప్పి యొక్కటే.

నేడు బండ్లు తగ్గి, ట్రాక్టరు ట్రాలీలును, డీసీఎం వ్యానులును, ట్రాలీ ఆటోలును వచ్చినవి. టార్పాలిన్ కప్పి, బల్లలు పఱచి, క్రింద సామానును పైన జనమును అమర్చుటలో మనవారి నేర్పు మెచ్చదగినది. ముసలితల్లిని చలినేలపై పరుండబెట్టకుండుటకు పరుపు తీసికొనిపోవుట లోభము కాదు, ధర్మమే. కాని చోటు పొదుపుచేయు నేర్పు పెరిగినకొలది, మిగిలిన చోటులోనికి మఱియొక వస్తువు వచ్చి చేరుచున్నది. ఇంజను మూలుగును గాని మెడ చూపదు. అంతమాత్రమున బరువు మాయము కాలేదు. నిద్రలేని డ్రైవరుమీద కొంత, జాతర ముగిసినపిదప పొలములలోను జంపన్నవాగు గట్లమీదను విడిచిన సీసాలను, సంచులను వంగి వంగి ఏరెడి పారిశుద్ధ్య కార్మికుల నడుములమీద కొంత, అది పోయి కూర్చున్నది. ఆ కార్మికులు బండివానివలె “ఇంక వద్దు” అని బయలుదేరునప్పుడే చెప్పగల చోట లేరు. కావున ఆ మాట వ్యాను కట్టువారే చెప్పుకొనవలెను. పోవునప్పుడు బియ్యమును, నీళ్ళును ఉండిన చోటు వచ్చునప్పుడు ఖాళీగనే యుండును. తీసికొనిపోయిన సీసాలు, సంచులు అందులో సులభముగ పట్టును.