ఫీజు లేని చదువు

మార్కాపురం, కనిగిరి, మధిర... ఏ చిన్న ఊరైనా సరే, పొద్దున్నే ఒకే ఇంట్లోంచి ఇద్దరు పిల్లలు చెరో వైపుకి బయల్దేరడం చూస్తాం. కొడుకు టై కట్టుకుని ప్రైవేటు స్కూలు వ్యానెక్కుతాడు. కూతురు జిల్లా పరిషత్ హైస్కూలుకి నడిచి వెళ్తుంది. అడిగితే తల్లిదండ్రులు, "ఇద్దర్నీ చదివిస్తున్నాం కదా!" అంటారు. నిజమే, చదివిస్తున్నారు. ఒకరికి బడి, ఒకరికి వంటిల్లు అనే రోజుల నుంచి చాలా దూరం వచ్చాం. మరి ఇద్దరూ చదువుకుంటున్నప్పుడు అన్యాయం ఎక్కడున్నట్టు?

ఇది ఒకటి రెండు ఇళ్ల సంగతి కాదు. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల ఎదుగుదలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన యంగ్ లైవ్స్ అధ్యయనం కూడా ప్రైవేటు బడుల్లో మగపిల్లల వాటా ఎక్కువని చెప్పింది.

సర్కారు బడి నాసిరకం కాబట్టి అన్యాయం అనేది వెంటనే తట్టే జవాబు. నాకది సరిపోదు. హైస్కూల్లో బీ.ఈడీ. చేసి, డీఎస్సీ రాసి వచ్చిన టీచర్లుంటారు. మధ్యాహ్నం అన్నం ఉంటుంది. చాలాచోట్ల ఆడుకోవడానికి నేల ఉంటుంది. సందులో అద్దె మేడలో నడిచే ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఇవేవీ లేకపోవచ్చు. ఒక్కోచోట ఆడపిల్లకే మెరుగైన చదువు దక్కుతుండవచ్చు. దక్కినంత మాత్రాన అన్యాయం తీరిపోతుందా? మంచి బడి అని ఎంచి ఆమెను అక్కడికి పంపలేదు, ఖర్చు లేని బడి అని పంపారు. ఆ బడి మంచిదై ఉండటం ఆమె అదృష్టం. ఆమెకి అది చాలనుకోవడం మాత్రం పెద్దవాళ్ల నిర్ణయం. మనం తూచి చూడాల్సింది ఆ నిర్ణయాన్ని.

ఫీజు కట్టడంలో ఒక మాట ఇవ్వడం కూడా ఉంది. అప్పుచేసి ఏడేళ్లు ఫీజు కట్టిన తండ్రి ఎనిమిదో ఏట కొడుకు చదువు ఆపడానికి వెనకాడతాడు. పెట్టిందంతా పోతుందని భయం. ఆ కొడుక్కీ ఆ డబ్బు బరువే. "నీ మీద ఇంత పోశాం" అనే మాట అతను చాలాకాలం వింటాడు. కూతురికి ఆ బరువు లేదు. ఆమె చదువు ఎవరికీ అప్పుపడకుండా వచ్చింది. పైకి చూస్తే ఆమే స్వేచ్ఛగా ఉందనిపిస్తుంది. కానీ ఏమీ పెట్టని చదువు ఆపేస్తే ఏమీ పోదు కదా! తల్లికి జ్వరమొచ్చినా, మిరపకాయ కోతలొచ్చినా, ఇంట్లో పసిబిడ్డని చూసేవాళ్లు లేకపోయినా ముందు ఆగేది ఆమె బడే. పెద్దమనిషయ్యాక "ఇక చాల్లే" అనడం మరీ తేలిక. అడ్డుపడటానికి ఒక్క ఫీజు రసీదైనా ఉండదు.

చట్టం కూడా ఆమెను సగం దారిలో వదిలేస్తోంది. 2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం చదువుని హక్కు చేశాయి. అయితే ఆ హక్కు 6 నుంచి 14 ఏళ్ల వరకే. ఆడపిల్ల పెళ్లికి చట్టం ఒప్పుకునే వయసు 18. మధ్యలో నాలుగేళ్లు. తొమ్మిది, పది తరగతులు, ఇంటర్మీడియట్ దాదాపుగా ఆ నాలుగేళ్లలోనే వస్తాయి. హైస్కూలు గేటు అప్పుడూ తెరిచే ఉంటుంది. ఆమె రాకపోతే, హక్కు పోయిందని నిలదీసే వీలు మాత్రం ఆ చట్టంలో లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఆ నాలుగేళ్లు ఎంతమందికి ఎలా ముగిశాయో ఈ అంకెలే చెబుతాయి.

ఇంటి లెక్కలన్నీ ఇంట్లోనే పుట్టవు. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అమ్మ ఒడి పథకం ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండిటికీ వర్తించింది. కానీ ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఒక్క బిడ్డ లెక్కనే డబ్బు వచ్చేది. 2025లో వచ్చిన తల్లికి వందనం పథకంలో చదువుకునే ప్రతి బిడ్డ లెక్కనా ఇచ్చారు. మొదటి పద్ధతిలో, ఇంటికి ఒక్కరు చాలన్న మాట ప్రభుత్వం నోటి నుంచే వచ్చింది. ఆ ఒక్కరు ఎవరో మన ఇళ్లకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మన సాహిత్య చరిత్రలోనూ ఇదుంది. 1874లో పుట్టిన భండారు అచ్చమాంబకి బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే తనూ పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆ చదువుతోనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. ఆమె ప్రతిభకి మురిసిపోతూ, ఆ చదువు ఆమె కోసం ఏర్పాటైంది కాదన్న సంగతి మర్చిపోతాం. ఇవాళ్టి పిల్లకి హాజరుపట్టీలో తన పేరుంది, బెంచీ మీద తన చోటుంది. అది చిన్న విషయం కాదు. అయినా ఇంటి దృష్టిలో ఆమె చదువు ఇంకా అన్నదమ్ముల చదువుకి పక్కనే ఉంది.

ఇందులో తల్లిని దోషిగా నిలబెట్టడం తేలిక. "దానికి ఎటూ కట్నం ఇవ్వాలి, ఫీజులు కూడా ఎక్కణ్ణుంచి తేను?" అనే తల్లికి కూతురంటే ప్రేమ లేదని ఎలా అంటాం? ఇద్దర్నీ ప్రైవేటుకి పంపగల జీతాలున్నవాళ్లకి ఆ పరీక్షే ఎదురుకాదు. రాయని పరీక్షలో నెగ్గామనుకుని ఆమెకి నీతులు చెప్పే అర్హత మనకెక్కడిది? అలాగని అన్యాయాన్ని అన్యాయం అనకుండా ఉండలేం. దాని వెనక కట్నం, ఆస్తి, ముసలితనంలో కొడుకే దిక్కన్న నమ్మకం, ఇన్ని ఉన్నాయి. భరించేది మాత్రం ఆ ఒక్క పిల్ల.

కూతుర్నీ ప్రైవేటుకి పంపిస్తే సరిపోతుందా? అప్పుడు డబ్బున్న ఇళ్ల ఆడపిల్లలే సమానులవుతారు. ఫీజు కట్టిన చదువుకి ఇంట్లో ఎంత విలువుందో, హక్కుగా వచ్చిన చదువుకీ అంత విలువ రావాలి. అందుకు ఆ హక్కు 18 ఏళ్ల దాకా ఉండాలి. వారం రోజులుగా బడికి రాని పిల్ల గురించి ఇంటికెళ్లి అడగడం ఏ టీచరమ్మ మంచితనానికో వదిలేయకూడదు. అది బడి బాధ్యత కావాలి, దానికి తగిన మనుషుల్నీ సమయాన్నీ బడికి ఇవ్వాలి. మనం అడిగే ప్రశ్న కూడా మారాలి. "మీ అమ్మాయి ఎక్కడ చదువుతోంది?" అని అడిగి ఊరుకుంటాం. ఎందాకా చదివిస్తారని అడుగుదాం. అబ్బాయికి ఇచ్చిన మాట అమ్మాయికీ ఇచ్చారా అని అడుగుదాం.