చెక్కని చిటికెనవ్రేలు

వేంపల్లెకు చేరువలో పాపఘ్నీనది కొండను రెండుగా చీల్చుకొని వెలువడు చోట గండిక్షేత్రము గలదు. లంకనుండి మరలి వచ్చుచు అచ్చట ఆగిన శ్రీరామచంద్రుడు, ఆంజనేయుని ఉపకారమును తలచుకొని, బాణపుమొనతో బండమీద ఆయన రూపమును గీసెననియు, ఎడమచేతి చిటికెనవ్రేలొక్కటి మిగిలియుండగానే పయనమై పోయెననియు మా సీమలో చెప్పుకొందురు. బహుకాలమునకు వ్యాసరాయలవారు ఆ రేఖలను శిల్పముగా మలచి, మిగిలిన ఆ వ్రేలిని గూడ పూర్తిచేయనెంచి ఉలి మోపగా రాతినుండి నెత్తురు కాఱెనట. ఆయన ఉలిని వెనుకకు తీసికొనెను. బాల్యమున మా జేజి ఈ కథ చెప్పునపుడు నెత్తుటి మాట వచ్చుచోట నేను ఆమె కొంగు పట్టుకొనెడివాడను. నా మనస్సున నిలిచినది ఆ నెత్తురే. ఉలిని వెనుకకు తీసికొన్న చేతిని గూర్చి ఆలోచింపవలెనని నాకు తోచినది చాల ఆలస్యముగా, అదియు ఒక పాత జీపు మూలమున.

మాది తుమ్మలపల్లె. ఎండకు కాగిన నేల, బోరుబావుల క్రింద అరటితోటలు, మెట్టమీద వేరుసెనగ. ఇంటనున్న మహీంద్రా జీపు నా పెద్దకుమారునికంటె వయస్సున పెద్దది. అరటిగెలలకు, ఆసుపత్రికి, పెండ్లిండ్లకు, శ్రావణమాసపు శనివారములలో గండికి పోవుటకు మాకదియే దిక్కు. ఒక వేసవిలో అది నిలిచిన చోటినుండి కదలునప్పుడెల్ల అడుగున టక్కుమని శబ్దము చేయుటయు, వేగము పుంజుకొన్నకొలది వణకుటయు మొదలుపెట్టెను. పట్టణములో పెద్ద బోర్డును అద్దాల గదియు గల యొక షెడ్డునకు తోలుకొనిపోతిని. "గేరుబాక్సు ఇప్పాల సార్" అని అచ్చటివారు బండి క్రిందికి వంగి చూడకుండనే తేల్చివేసిరి. మూడు దినములుంచుకొని, క్లచ్చిప్లేటును బేరింగులును మార్చితిమని చెప్పి, ఒక పంటకాపు వేరుసెనగలో మిగిలినదంతయు తీసికొనిరి. పాత సామాను చూపుడని అడుగగా చెత్తలో పారవేసితిమనిరి. పదియవ దినమున ఆ శబ్దము తిరిగి వచ్చెను.

పోయిన ధనముకంటె నన్నెక్కువగా బాధించినది నా నిస్సహాయత. నమ్మదగిన షెడ్డును ఎట్లు ఎన్నుకొనవలెనను ప్రశ్న పైకి లౌకికమైన చిన్న ప్రశ్నవలె కనబడును గాని, దాని అడుగున మన పూర్వులు శతాబ్దములు తర్కించిన ముడియొకటి యున్నది. పని తెలిసినవాడెవడో గుర్తింపవలెనన్న నాకు ఆ పని తెలిసియుండవలెను. తెలిసియున్నచో వానికడకు పోవలసిన అవసరమే లేదు. తెలియనివాడు తెలిసినవానిని ఏ కంటితో చూచి పోల్చుకొనును? వైద్యుని ఎన్నుకొను రోగికిని, గురువును వెదకు ముముక్షువునకును ఎదురైన చిక్కు ఇదియే. 1986నాటి వినియోగదారుల రక్షణ చట్టమునకు మాఱుగా 2019లో చేసిన చట్టము సేవలో లోపము జరిగిన పిమ్మట పరిహారము ఇప్పింపగలదు. బండి తాళపుచెవిని పరాయివాని చేతిలో పెట్టు క్షణమున అది నా ప్రక్కన నిలువదు.

గౌతముని న్యాయదర్శనము ఇతరుల మాటను, అనగా శబ్దమును, ప్రత్యక్షాదులతోపాటు ఒక ప్రమాణముగా అంగీకరించినది. అయితే ఆ మాట ఆప్తునిదై యుండవలెను. భాష్యకారుడగు వాత్స్యాయనుడు ఆప్తునియందు రెండు గుణములను చూచెను: చెప్పుచున్న విషయమును తాను స్వయముగా కనుగొనియుండుట, కన్నదానిని కన్నట్లు తెలుపవలెనను కోరికచే మాటలాడుట. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమేయని ఆయన చేర్చిన మాట నాకెంతయు ప్రియమైనది. ఆప్తత్వము పుట్టుకకును వేషమునకును కట్టుబడినది గాదని అంత పూర్వమే అంత తేటగా ఒప్పుకొనిన హృదయమది. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున దీనిని ఇంకను కుదించి, యథార్థము పలుకుటయే ఆప్తుని గుర్తుగా నిలిపెను. పట్టణపు షెడ్డువారికి జ్ఞానము లేదని నేననలేను. బహుశః నేర్పరులే యైయుందురు. బండి క్రిందికి వంగి చూడకుండ చెప్పుటచేత మొదటి గుణమును, పాత సామానును దాచుటచేత రెండవదానిని వారు పోగొట్టుకొనిరి.

మఱి ఈ గుణములున్నవని ముందుగా తెలియుటెట్లు? ఇచ్చట మీమాంసకులకును నైయాయికులకును గొప్ప వివాదము. జ్ఞానము పుట్టుటతోడనే ప్రమాణమగును, దోషము బయటపడువరకు శంకింప పనిలేదు అని కుమారిలభట్టు పక్షము. ప్రవర్తించి ఫలము చూచిన పిమ్మటగాని అది ప్రమాణమని తెలియరాదని నైయాయికుల పక్షము. దూరమున నీరు కనబడెనని పోయినవానికి దాహము తీరినపుడు గదా అది ఎండమావి కాదని తేలుట! మండువేసవిలో పొలము గట్టున నిలిచి చూచిన మా సీమవానికి ఈ దృష్టాంతమునకు వ్యాఖ్యానము అక్కఱలేదు. నేనును నైయాయికుల వైపే మొగ్గుదును, వారు చూపిన యొక ఉపాయము వలన. వేదము ప్రమాణమని నిరూపించుటకు న్యాయసూత్రకారుడు ఆయుర్వేదమును ఉదాహరించెను: ఔషధము ఫలించుట కన్నులకు కనబడును, కనబడు చోట సత్యము పలికినవారి మాటను కనబడని చోటను విశ్వసింపవచ్చును. ఇంతటి తర్కమును మా పల్లెలోని ఆడువారు చదువకయే ఆచరింతురు. క్రొత్త కంసాలికి ముందు ముక్కుపుడక బాగుచేయనిచ్చి, అది చూచిన పిమ్మటగదా కాసులపేరు చేతికిత్తురు!

ఆ యేటి శ్రావణమున రెండవ శనివారము, ఇంటివారందఱును ఎక్కియుండగా, వేంపల్లె దారిలో జీపు వణకుట మిక్కుటమయ్యెను. త్రోవప్రక్కన చింతచెట్టు క్రింద రేకుల షెడ్డొకటి కనబడెను. బోర్డు లేదు. గోడకు వరుసగా వ్రేలాడు స్పానర్లపై వెనుకటి యేడు ఆయుధపూజకు పెట్టిన కుంకుమబొట్లు నూనెలో నల్లబడి యింకను మిగిలియుండెను. మేస్త్రీ అఱువదేండ్ల వయస్సువాడు. నేను గేరుబాక్సు కథ చెప్పబోగా చేయెత్తి ఆపి, "మీరేమీ చెప్పాకండి సార్, ముందు నన్ను ఇననీండి" అనెను. నా ప్రక్కన కూర్చుండి నూఱు గజములు నడిపించి, కన్నులు మూసికొని వినెను. పిమ్మట ఇంజను ఆపించి, చక్రములకు రాళ్లు పెట్టి, గోనెపట్ట పఱచుకొని బండి క్రిందికి దూఱెను. నన్నును వంగి చూడుమని పిలిచెను. ప్రొపెల్లరు షాఫ్టును రెండుచేతులతో పట్టి అటునిటు త్రిప్పగా, దాని చివరనున్న క్రాసు వదులుగా కదలి టక్కుమనెను. రెండుమాసములుగా నన్ను వేధించిన శబ్దము అరచేతి వెడల్పు చోటునుండి వచ్చుచుండెను! క్రాసు గిన్నెల చుట్టును ఎఱ్ఱని పొడి కుంకుమవలె రాలియుండెను.

"ఈ ఎఱ్ఱపొడి సూడండి సార్. గ్రీసు లేక లోపల సూదులన్నీ తుప్పుపట్టి పొడైపోయినాయి. గేరుబాక్సుకేం కాలేదు. దాన్ని ఇప్పి ఉండాల్సింది కాదు."

వెనుకటివారిని గూర్చి అతడు పలికిన కఠినోక్తి అంతమాత్రమే. వేంపల్లెనుండి క్రొత్త క్రాసు తెప్పించి బిగించి, గ్రీసు గన్నుతో నాలుగు గిన్నెల అంచులనుండియు గ్రీసు పైకి వచ్చువరకు కొట్టెను. పాతదానిని కిరసనాయిలులో కడిగి నా చేతిలో పెట్టెను. దాని కాళ్లమీద సూదులు త్రొక్కిన గాట్లు గోటికి తగులుచుండెను. నాకు తెలియని విద్యలో ఒక అక్షరమును అతడు నాచేత చదివించినట్లయ్యెను.

అప్పుడు నేను ఇంకొక సందేహము వెలిబుచ్చితిని: ఎక్కుడులో ఇంజను నల్లపొగ విడుచుచున్నది, డీజిలు పంపును గూడ చూడరాదా అని. అతడు బానెట్టెత్తి, గొట్టములు చూచి, గాలిజల్లెడను దులిపి మరల పెట్టి, పంపు దగ్గఱకు వచ్చుసరికి చేతిని గుడ్డతో తుడుచుకొనెను.

"పంపు పని నాకు తెలీదు సార్. దాన్ని మిషనుమీద కట్టి కొలిసి సూడాల. కడపలో పంపులు నాజిళ్ళు సూసేవాళ్ళు ఉండారు, ఆడికి పోండి. నేను ముట్టుకుంటే సెడిపోతాది."

గండిలోని చిటికెనవ్రేలు నాకు జ్ఞప్తికి వచ్చినది ఆ క్షణమున. అడిగినవాడు కాదనడు, డబ్బు చేతికందుచున్నది, పానా చేతిలోనే యున్నది. అయినను ఆ చేయి ఆగినది. ఛాందోగ్యములో సత్యకాముడు తన గోత్రము తనకు తెలియదని దాచక చెప్పిన మాటను బట్టియేగదా హారిద్రుమతగౌతముడు వానిని శిష్యునిగా స్వీకరించెను! తనకు తెలియని దానిని తెలియదని పలుకువాడు, తెలియుననిన చోట తన మాటకు తానే పూచీపడుచున్నాడు. అట్టివాని తెలియుననుమాటకు విలువ తెచ్చునది వాని తెలియదనుమాటయే యని నా విశ్వాసము. ఆనాటినుండి గురువులమని చెప్పుకొనువారి ప్రవచనములు వినుచు నేను వెదకునది, వారు ఎచ్చట ఆగుదురా అనియే. బ్రహ్మమునుండి బిడ్డల పెండ్లిండ్ల వరకు దేనికిని తడువుకొనక ఉత్తరము చెప్పు మహానుభావుని చూచినపుడు నాకు ఆ అద్దాల గది గుర్తునకు వచ్చును.

అయితే భారమంతయు మేస్త్రీదే యనుట న్యాయము కాదు. ఆ యుపనిషత్తునందే గాంధారదేశమునుండి కన్నులకు గంతలు కట్టి తెచ్చి నిర్జనస్థలమున విడువబడిన మనుష్యుని దృష్టాంతము గలదు. ఎవడో దయాళువు గంతలు విప్పి, గాంధారము ఈ దిక్కున నున్నది పొమ్మనును; అటుపై ఊరినుండి ఊరికి అడుగుకొనుచు, తన బుద్ధితో పోల్చుకొనుచు వాడు ఇల్లు చేరును. గురువు చేసినది గంతలు విప్పుటయు దిక్కు చూపుటయు. నడక బాటసారిదే, మార్గమధ్యమున అడుగుటయు బాటసారిదే. శ్రద్ధయన్న పేర మనము పలుమాఱు ఆ గంతలనే పదిలపఱచుకొందుము. బండి క్రిందికి వంగి చూడుమని పిలిచినపుడు, బట్టలు మాయునని నేను దూరమున నిలిచియుంటినేని, ఆ ఆప్తుడు నాకు ఆప్తుడు కాలేకపోయెడివాడు.

ఈ విచారము నా జీపుతో ముగియునది కాదు. మా ఊరి చుట్టునున్న సున్నపురాతి పొరలలో యురేనియము దొఱకుటచే, 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో ఇచ్చటి ఖనిజశుద్ధి కర్మాగారము పని ప్రారంభించెను. వ్యర్థము నిలువచేయు చెఱువు వలన బోరునీరు చెడి అరటితోటలు దెబ్బతినుచున్నవని చుట్టుపట్ల గ్రామముల రైతులు మొఱపెట్టుకొనిరి. తమ వ్యర్థము కారణము కాదని కర్మాగారము నడుపు సంస్థవారనిరి. నిపుణులు వచ్చి నీటి నమూనాలు సీసాలలో పట్టుకొనిపోయిరి. ఎవరి పక్షము సత్యమో తీర్పు చెప్పుటకు నాకు అధికారము లేదు. అయితే ఆ సీసాలలోని నీటిని చదువగల కన్ను మా రైతులకు లేదు. వారి గతి నాడు షెడ్డు ముంగిట నిలిచిన నా గతియే. వారి వాకిట నిలువవలసినవాడు ఎట్టివాడో ఆ చింతచెట్టు క్రింది మనుష్యుడు నాకు చూపెను: తన కొలతను రైతును పిలిచి చూపువాడు, అతడు చదువగల భాషలో చెప్పువాడు, ఇంతవఱకు తెలిసినది, ఇంతకుమించి తెలియలేదు అని గీటు గీయువాడు. పరికరములు తెచ్చుట సులభము, ఆ గీటు గీయుటయే కష్టము; నీటివంటి ప్రాణాధారమైన విషయమున ఆ గీటును దాచుటకంటె మహాపరాధము నాకు కనబడదు.

ఇంకొక మాట. బ్రేకు డ్రమ్ము విప్పిన మేస్త్రీ అందలి ధూళిని నోటితో ఊది పోగొట్టుట మీరెల్లరును చూచియుందురు. ఒకప్పుడు బ్రేకు లైనింగులలో రాతినారను, అనగా ఆస్బెస్టాసును, వాడెడివారు. ఆ రాతినార మా పులివెందుల ప్రాంతపు గనులలోను లభించినదే. దాని ధూళి ఊపిరితిత్తులలో దిగి ఏండ్ల తరువాత వానిని గట్టిపఱచును. మేస్త్రీలు మోసగింతురేమో యని నేను వెయ్యి విధముల తర్కించితినేగాని, నా ప్రాణము నిలుపు బ్రేకును సవరించుచు ఆ మనుష్యుడు పీల్చుచున్నదేమో ఒక్కనాడైన అడిగినవాడను గాను. నమ్మకము ఇరువైపుల కట్టిన మోకు. పని త్వరగా ముగింపుమని తొందరపెట్టి, న్యాయమైన కూలిలో బేరమాడి, తెలియదన్నవానిని పనిరానివాడని విడిచి, అన్నియు తెలియునన్నవానికడకు పరుగెత్తు మనమే కదా అద్దాల గదులను నిలుపుచున్నది!

ఆనాడు బయలుదేరునపుడు ఎంతయనగా, అతడు క్రాసు వెలయు, రెండుగంటల కూలియు చెప్పెను. నేను బేరమాడలేదు. బండి కదలబోవుచుండగా అద్దము దగ్గఱకు వచ్చి, "వెయ్యి కిలోమీటర్లు తిరిగినాక ఒకతూరి తీసుకురండి సార్, డబ్బులేం వద్దు. బోల్టులు నేను బిగించినవే, మళ్ళా నేనే సూసుకోవాల" అనెను. పాత క్రాసు వార్తాపత్రికలో చుట్టబడి నా భార్య ఒడిలో, అరటిపండ్లును టెంకాయయు ఉన్న సంచిప్రక్కన నుండెను. ఎక్కుడులో జీపు నల్లపొగ విడుచుచునే యుండెను. అడుగున శబ్దము లేదు. మలుపు తిరుగగానే గండికొండలు కనబడినవి.