టీవీలోని ఆ అమ్మాయి ఎవరి బిడ్డ?

గోల్నాకలోనైనా తార్నాకలోనైనా రాత్రి భోజనాల వేళ మన ఇళ్లలో జరిగేదే ఇది. టీవీలో రియాలిటీ షో వస్తుంటుంది. యువతీయువకులు మరీ చనువుగా మెలిగే దృశ్యం రాగానే నాన్నగారు రిమోట్ అందుకుంటారు. "అన్నం తినండి" అంటుంది అమ్మ. పిల్లలు తల వంచుకుంటారు. ఈ ఇంట్లో ఈ సంగతి అడగకూడదనే పాఠం వారికి అందిపోయింది. నేనూ రిమోట్ నొక్కినవాణ్నే.

ఇలాంటి కార్యక్రమాలను ఆపించాలనేవారు ఉన్నారు. 2017లో మొదలైన తెలుగు బిగ్‌బాస్ మూడవ విడతకు ముందు, ఎంపిక సందర్భంగా తమతో అనుచితంగా మాట్లాడారని మహిళలు ఆరోపించారు. 2019 జూలైలో మన పక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు ఆందోళనకు దిగారు. వారి కోపాన్ని తప్పుపట్టలేను.

అయితే ఇలాంటి కార్యక్రమమే మేలు చేసిందనే వాదనా ఉంది. పదహారేళ్లకే గర్భవతులైన బాలికల నిజజీవితాన్ని అమెరికాలో ఎంటీవీ 2009 నుంచి చూపించింది. నిద్రలేని రాత్రులు, ఆగిన చదువు, ముఖం చాటేసిన కుర్రవాడు. ఆ తరువాతి ఏడాదిన్నరలో దానివల్ల టీనేజి ప్రసవాలు 5.7 శాతం తగ్గాయని 2014లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆ లెక్కను మరికొందరు పరిశోధకులు ఒప్పుకోలేదు.

లెక్క నిజమే అనుకుందాం. ఒక బాలిక కన్నీటిని మన పిల్లలకు పాఠంగా వాడుకోవచ్చునా? యోహాను సువార్త 8వ అధ్యాయంలో ఒక స్త్రీని పదిమంది నడుమ నిలబెట్టి, ఆమెను ప్రభువును పరీక్షించే సాధనంగా చేసుకున్నారు. ఆయన మాత్రం ఆమెతోనే మాట్లాడాడు.

"చూశావా దాని బతుకు!" అని మీరంటే పక్కనున్న మీ కూతురు ఏం నేర్చుకుంటుంది? తనకు కష్టమొస్తే అమ్మ ఇలాగే అంటుందని. రేపు ఎవడైనా తాకరాని చోట తాకినా, నెల తప్పినా ఆ పిల్ల ఎవరి దగ్గరకు వెళుతుంది?

"పాపం, ఆ పిల్లకు ముందుగా ఎవరూ చెప్పలేదేమో. నీకేమైనా అడగాలని ఉందా?" అనండి. రుతుక్రమం గురించి, గర్భం గురించి, హెచ్.ఐ.వి. ఎలా సోకుతుందనే దాని గురించి అడిగితే తెలిసినంత చెప్పండి. తెలియకపోతే మీ విచారణలోని నర్సు సిస్టరుగారినో డాక్టరునో అడిగి చెప్పండి. ఈ బోధ తల్లిదండ్రుల హక్కు, బాధ్యత అని 1981లోనే రెండవ జాన్ పౌల్ పోపుగారు కుటుంబాన్ని గూర్చిన తమ లేఖలో రాశారు. బడికి అప్పగించి ఊరుకోమని అనలేదు.

కొడుకునూ వదలకండి. "ఆ కుర్రవాడు ఎక్కడికి పోయాడురా?" అని అడగండి. మన ఇళ్లలో ఆ ప్రశ్న వాడికి ఇంతవరకు ఎవరూ వేసి ఉండరు.